పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేముందు చేయాల్సిన ఫోన్

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా బాబుకు ఏడేళ్లు. ఆటిజం ఉంది, మాటలు కొద్దిగానే వచ్చు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు. ట్యూబ్‌లైటు మిణుకుమంటే ఏడుస్తాడు. అంగీ కాలరు ఎప్పుడూ నములుతూనే ఉంటాడు గానీ బ్రష్ మాత్రం నోట్లో పెట్టనివ్వడు. కింది దవడలో రెండు పళ్లు నల్లబడి గుంతలు పడ్డాయి. పోయిన నెల హన్మకొండలో ఒక పళ్ల డాక్టరుకు చూపించాం. నలుగురం పట్టుకున్నా నోరు తెరవలేదు, డాక్టరు గారి వేలు కొరికాడు. ‘ఇట్లయితే హైదరాబాద్ తీసుకుపోయి మత్తు ఇప్పించి చేయించుకోండి’ అన్నారు. మా అత్తమ్మేమో ‘పాలపళ్లే కదా, రాలిపోతయ్ తియ్’ అంటోంది. ఇప్పుడు క్లినిక్ బోర్డు కనబడితే చాలు, రోడ్డు మీదే కూలబడుతున్నాడు. ఏం చేయమంటారు? మా చిన్న పాపను కూడా వెంట తీసుకుపోవచ్చా? – ఒక తల్లి

సమాధానం:

అమ్మా, మిగతా సంగతుల కంటే ముందు ఈరోజే ఒకటి చూసుకోండి. బాబు బుగ్గ గానీ, దవడ కింద గానీ, కంటి దగ్గర గానీ వాచిందా? జ్వరం ఉందా? మింగడానికి ఇబ్బంది పడుతున్నాడా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇది చదవడం ఇక్కడే ఆపి ఆస్పత్రికి బయల్దేరండి. రాత్రయినా సరే, వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రిలో ఎమర్జెన్సీ ఉంటుంది. పన్ను చీము ముఖంలోకి పాకితే అలవాటు చేయడాలు, బుజ్జగించడాలు అన్నీ తర్వాత.

వాపు లేకపోయినా నొప్పి ఉండొచ్చు. మాటలు తక్కువ వచ్చే పిల్లలు ‘పన్ను నొస్తోంది’ అని చెప్పరు. ఒక పక్కనే నములుతారు. ఇష్టంగా తినే సకినాలు ముట్టుకోరు. చల్లటి నీళ్ల గ్లాసు తోసేస్తారు. అర్ధరాత్రి లేచి ఏడుస్తారు, చెంప మీద కొట్టుకుంటారు, చెయ్యి కొరుక్కుంటారు. ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడా, ‘ఆటిజం పిల్లలు అట్లనే చేస్తరు’ అని సరిపెట్టేసుకుంటారు. ఇలాంటివి కొత్తగా మొదలైతే ముందు నోరు చూడాలి. మీ బాబు కాలరు నమలడం ఎప్పటినుంచో ఉన్నదా, ఈమధ్య ఎక్కువైందా అన్నది కూడా గుర్తు చేసుకోండి. ఎక్కువైతే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

మీ అత్తమ్మ మాటకు జవాబు చెప్పి అసలు విషయానికి వస్తాను, ఎందుకంటే ఇంట్లో పెద్దావిడ ఒప్పుకోకపోతే ఏ పనీ సాగదు. పాలపళ్లు మొత్తం 20. వాటిలో ముందు పళ్లు ఆరేడేళ్లకు రాలుతాయి, ఆ మాట నిజమే. కానీ వెనక దవడ పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అంటే గుంతలు పడింది వాటికే అయితే మీ బాబు ఇంకా మూడు నుంచి ఐదేళ్లు వాటితోనే నమలాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆరేళ్ల వయసులో, ఏ పన్నూ రాలకుండానే, పాలపళ్ల వెనకాల మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. పైన రెండు, కింద రెండు. ఏదీ ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు. మీరు చెప్పిన రెండు నల్ల పళ్లలో ఒకటి అదే అయ్యుంటే, అది పోతే మళ్లీ రాదు. ఈ ముక్క అత్తమ్మకు చెప్పండి. ఆమె వద్దన్నది పిల్లవాడి మీద ప్రేమతోనే. మళ్లీ నలుగురు పట్టుకోవడం ఆమె చూడలేకపోయి ఉండొచ్చు.

అసలు ఆ రోజు క్లినిక్‌లో ఏం జరిగి ఉంటుంది? మొండితనం అని గానీ, భయం అని గానీ అనుకుంటే సగమే అర్థమవుతుంది. తలుపు తెరవగానే స్పిరిట్ వాసన, లవంగ నూనె వాసన. కుర్చీ ఎక్కగానే అది తనంతట తానే వెనక్కి వాలుతుంది, కాళ్లు పైకి లేస్తాయి. కళ్లలోకి తెల్లటి లైటు. మాస్కు వెనకాల ఎవరో తెలియని ముఖం. రబ్బరు గ్లౌజు రుచి, చల్లటి స్టీలు అద్దం. ఉమ్ము లాగే గొట్టం సుర్రుమంటుంది. పక్క గదిలో కంప్రెసర్ గాలి తగ్గినప్పుడల్లా చెప్పాపెట్టకుండా బుర్రుమని మొదలవుతుంది. ఇవన్నీ మనకు విడివిడిగా చిన్న సంగతులు. మిక్సీ మోతకే చెవులు మూసుకునే పిల్లవాడికి అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. వాటి మీద నలుగురి చేతులు, నలుగురి నోళ్లు: ‘ఏం కాదు, ఏం కాదు, అయిపోయింది, అయిపోయింది.’

కొరికాడంటే, ఆపమని చెప్పడానికి అతనికి మిగిలిన దారి అదొక్కటే.

పట్టుకుని చేసే పద్ధతి మీద నా అభిప్రాయం దాచుకోను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, తల్లిదండ్రులకు ముందే చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాక, కొద్దిసేపు కదలకుండా పట్టుకోవడం వేరు. మామూలు పరీక్ష కోసం నలుగురు కలిసి అదిమిపట్టడం వేరు. రెండోది ఆ పూటకు పని జరిపిస్తుందేమో గానీ, ఆ తర్వాత తెల్లకోటు కనబడితే చాలు పిల్లవాడు గేటు దగ్గరే ఆగిపోతాడు. టీకాలకు ఇబ్బంది, కటింగ్ షాపుకు ఇబ్బంది, చివరికి ఇంట్లో ఎవరైనా చెంప ముట్టుకున్నా ఇబ్బందే. మీ బాబు బోర్డు చూసి కూలబడటం ఇందులో భాగమే. అందుకని పాత క్లినిక్‌కే మళ్లీ తీసుకెళ్లకండి. అక్కడి డాక్టరు ఎంత మంచివారైనా సరే, ఆ గది మీద ముద్ర పడిపోయింది. వేరే దారి, వేరే గేటు, వేరే రంగు గోడలు ఉన్నచోట మొదలుపెడదాం.

ఎవరి దగ్గరికి? పిల్లల దంతవైద్యంలో ఎండీఎస్ (పీజీ) చేసినవాళ్లు వేరుగా ఉంటారు, పీడోడాంటిస్ట్ అంటారు. వరంగల్, హన్మకొండ, కరీంనగర్ లాంటిచోట్ల వెతికితే దొరుకుతారు. బాబు థెరపీకి వెళ్తుంటే అక్కడి తల్లుల్ని అడగండి. గూగుల్‌లో నక్షత్రాల కంటే వాళ్ల మాట నమ్మకం. ‘మా వాడిని ఎంతసేపైనా ఓపిగ్గా చూశారు’ అని ఏ తల్లి చెబితే ఆ డాక్టరు నంబరు తీసుకోండి. ప్రభుత్వం తరఫున అయితే పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల కోసం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్) అనే ఆరోగ్య పరీక్షల కార్యక్రమం ఉంది. దాని కింద, పిల్లల్లో ఇబ్బందులను తొందరగా గుర్తించి సాయం చేయడానికి జిల్లా స్థాయిలో పెట్టిన కేంద్రాలను డీఈఐసీ అంటారు. పిల్లల పళ్ల పుచ్చు కూడా వాళ్లు చూడాల్సిన జాబితాలోనే ఉంది. మీ అంగన్‌వాడీ టీచర్ని గానీ, ఆశా కార్యకర్తను గానీ అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని: ఫోన్. బాబును తీసుకెళ్లే ముందు, బాబు లేకుండా, మీరు ఫోన్ చేసి మాట్లాడాలి. వీలైతే రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయితో కాకుండా డాక్టరుతోనే. మనవాళ్లకు డాక్టరుతో ముందుగా ఇంత మాట్లాడటం మొహమాటం. ‘ఏమనుకుంటారో’ అని అనుకోకండి. ఇలా మొదలుపెట్టండి:

‘మేడమ్, మా బాబుకు ఏడేళ్లు, ఆటిజం. మోత పడదు, లైటు కళ్లలో పడితే పడదు, నోట్లో మెత్తగా తాకితే పడదు. ఇంతకుముందు ఒకచోట పట్టుకుని చూశారు, బాగా బెదిరిపోయాడు. మొదటిసారి ఏ పనీ చేయకండి, ఊరికే చూసి వెళ్తాం. దానికి ఫీజు ఇస్తాం. మొదటి అపాయింట్‌మెంటు మాకివ్వండి.’

ఈ నాలుగు మాటలకు అవతలి నుంచి వచ్చే జవాబును బట్టే ఆ డాక్టరు మీకు పనికొస్తారో లేదో తెలిసిపోతుంది. ‘ముందు తీసుకురండమ్మా, మేం చూసుకుంటాం’ అని తేల్చేస్తే ఇంకో నంబరు చూసుకోండి. ‘ఏ మోత పడదు? ఏ ఆటంటే ఇష్టం? ఏం మందులు వాడుతున్నాడు?’ అని ఎదురు ప్రశ్నలు వేస్తే మంచిచోటే ఫోన్ చేశారన్నమాట.

ఆ ఫోన్‌లోనే ఇంకొన్ని అడగండి. ఇవన్నీ ఖర్చు లేని పనులు, అడిగితే చాలామంది కాదనరు. మొదటి అపాయింట్‌మెంటు ఎందుకంటే, అప్పటికి ఎవరి ఏడుపూ వినబడదు, వెయిటింగ్ హాలు ఖాళీగా ఉంటుంది. కంప్రెసర్ మీరు లోపలికి రాకముందే నింపి ఉంచమనండి. కుర్చీని ముందే వాల్చి ఉంచితే బాబు తానే ఎక్కి పడుకుంటాడు. కూర్చున్నాక కుర్చీ కదలడమే చాలామంది పిల్లలకు అన్నిటికంటే కష్టం, కింద నేల జారిపోయినట్టు ఉంటుంది. లైటు కళ్ల మీద వేయకుండా ముందు ఛాతీ మీద వేసి, మెల్లగా నోటి దాకా తెమ్మనండి. డాక్టరు మాస్కు పెట్టుకునే ముందు ఒకసారి ముఖం చూపించాలి. పళ్ల మీద గాలి ఊదే బదులు దూదితో తుడవొచ్చు. పుదీనా వాసన పేస్టు వాడకుండా ఉత్త నీళ్లు వాడొచ్చు. ఎక్స్‌రే తీసేటప్పుడు కప్పే బరువు ఏప్రాన్ ఒకటి చాలావరకు ప్రతి క్లినిక్‌లో ఉంటుంది. ఎక్స్‌రే తీయకపోయినా దాన్ని బాబు ఒళ్లో వేసి చూడమనండి. కొందరు పిల్లలకు ఆ బరువుతో ఒళ్లు కుదుటపడుతుంది. నచ్చుతుందో లేదో ముందు ఇంట్లో బొంత మడిచి ఒళ్లో వేసి చూడండి. నచ్చకపోతే ఆ ఊసే వద్దు.

డాక్టరు ఒప్పుకుంటే ఫోటోలు అడగండి. గేటు, మెట్లు, కూర్చునే బెంచీ, పెద్ద కుర్చీ, లైటు, చిన్న అద్దం, మాస్కు లేకుండా డాక్టరమ్మ. వాట్సాప్‌లో పంపిస్తే జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి వరుసగా అట్ట మీద అంటించండి. కింద చిన్న చిన్న మాటలు: ‘మెట్లు ఎక్కుతాను. పెద్ద కుర్చీలో పడుకుంటాను. డాక్టరమ్మ నా పళ్లు లెక్కపెడతారు. అమ్మ నా పక్కనే ఉంటుంది. తర్వాత ఇంటికి వెళ్తాం.’ రోజూ రాత్రి ఒకసారి చూపించండి, మీ బాబు ఇష్టపడే ఇంకేదైనా పుస్తకం చూపించినట్టే. ఇందులో ఒక్క అబద్ధం కూడా ఉండకూడదు. ‘నొప్పే ఉండదు’ అని రాయకండి. అసలు నొప్పి అనే మాటే ఎత్తకండి. ‘ఐస్‌క్రీమ్ తినడానికి పోతున్నాం’ అని ఆటో ఎక్కించి క్లినిక్ ముందు దించే తల్లిదండ్రులు ఉన్నారు. అలా చేస్తే ఐస్‌క్రీమ్ మీద కూడా అనుమానం పుడుతుంది.

మోతకు కూడా ముందే అలవాటు చేయొచ్చు. మీరు ఒక్కరే క్లినిక్‌కు వెళ్లి ఆ గొట్టం మోత, మిషను మోత ఫోన్‌లో రికార్డు చేసుకోండి. బాబు నీళ్లతోనో ఇసుకతోనో ఆడుకుంటున్నప్పుడు, వినీ వినబడనంత తక్కువగా పెట్టండి. చెవులు మూసుకుంటే ఆపేయండి. పట్టించుకోకుండా ఆడుతుంటే రెండు రోజుల తర్వాత ఒక గీత పెంచండి. హెడ్‌ఫోన్ పెట్టుకునే అలవాటు ఉంటే క్లినిక్‌లో దానికంటే మంచి సాయం లేదు. లేకపోతే క్లినిక్‌లో మొదటిసారి పెట్టకండి, ఇంట్లోనే అలవాటు చేయండి. నల్ల కళ్లద్దాలు, టోపీ కూడా అంతే.

వెళ్లే రోజు గురించి. మీరు పరకాల నుంచి బస్సెక్కి, హన్మకొండ బస్టాండులో హారన్ల మధ్య దిగి, ఆటో మాట్లాడుకుని, చౌరస్తా దాటుకుని క్లినిక్ చేరేసరికే బాబు ఓపిక అయిపోతుంది. ఆ తర్వాత కుర్చీలో ఏం జరిగినా తప్పు కుర్చీ మీద పడుతుంది. కాబట్టి గంట ముందే దిగండి. దగ్గర్లో కాస్త గోల తక్కువున్నచోట, భద్రకాళి బండ్ మీదో, ఏదైనా గుడి ఆవరణలోనో కాసేపు నడిపించండి. బరువున్న బ్యాగు వీపుకు తగిలించండి, మెట్లు ఎక్కించండి, గట్టిగా నమిలేది ఏదైనా ఇవ్వండి. మీ బాబుకు నమలడమంటే ఇష్టం కాబట్టి ఒక నమిలే బొమ్మ ఎప్పుడూ చేతిలో ఉండాలి. ఆ పని కాలరుతో చేయిస్తే దుమ్ము కడుపులోకి పోతుంది. వెయిటింగ్ హాల్లో కూర్చోవద్దు. బయటే ఉండి, పిలిచినప్పుడు లోపలికి వెళ్లండి.

లోపల ఒక్కరే మాట్లాడాలి. అది డాక్టరు కావచ్చు, మీరు కావచ్చు. నాన్న, మామయ్య, అసిస్టెంటు అందరూ ధైర్యం చెబితే అది ఇంకో మోత అవుతుంది. డాక్టరు ముందు మాటల్లో చెబుతారు, తర్వాత చేతి గోరు మీద చేసి చూపిస్తారు, అప్పుడు పన్ను మీద చేస్తారు. పిల్లల దంతవైద్యులు దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతి ఇది. మన పిల్లలకు దీనికి లెక్క జోడిస్తే బాగుంటుంది. ‘ఐదు లెక్కపెడతాను, అయిదనగానే అద్దం తీసేస్తాను’ అని చెప్పి, నిజంగానే అయిదుకు తీసేయాలి. ఇంకొక్క పన్ను చూసేద్దామని ఆరు, ఏడు దాకా పోతే ఆ లెక్క మీద నమ్మకం పోతుంది. చెయ్యి ఎత్తితే ఆపాలన్న ఒప్పందం కూడా అంతే. బాబు ఊరికే పరీక్షించడానికి చెయ్యి ఎత్తినా సరే ఆపి చూపించాలి.

మొదటిసారి మెట్లెక్కి, గది చూసి, డాక్టరమ్మ చేతికి అద్దం ఇచ్చి వచ్చేసినా సరే, ఆ రోజు పని అయినట్టే. రెండోసారి కుర్చీ. మూడోసారి నోట్లో అద్దం. కొందరికి ఇది రెండు వారాల్లో అవుతుంది, కొందరికి నెలలు పడుతుంది. ఏడవకముందే బయటికి వచ్చేయడం ఇందులో కిటుకు. బాగా జరుగుతోంది కదా అని ఇంకా కాసేపు ఉంచితే, చివరికి ఏడుపే గుర్తుంటుంది. కుర్చీలో కుదరకపోతే, డాక్టరు మీకు ఎదురుగా మోకాళ్లు తగిలేలా కూర్చుని, బాబు తల ఆమె ఒళ్లో, కాళ్లు మీ నడుము చుట్టూ ఉండేలా పడుకోబెట్టి చూసే పద్ధతి కూడా ఉంది. ఏడేళ్లకు కాస్త పెద్దవాడే గానీ, సన్నగా ఉంటే వీలవుతుంది.

ఇక్కడే మీకో సందేహం వస్తుంది: అలవాటు చేస్తూ కూర్చుంటే పుచ్చు ఆగుతుందా? ఆగదు. అందుకే ఈ రెండూ పక్కపక్కనే నడవాలి. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అని ఒక మందు ఉంది. సూది లేదు, మిషను లేదు. పన్నును దూదితో ఆరబెట్టి, చిన్న కుంచెతో ఒక చుక్క రాసి, నిమిషం పాటు ఉంచుతారు. చాలా గుంతల్లో పుచ్చు అక్కడికి గట్టిపడి ఆగిపోతుంది. మళ్లీ ఆరు నెలలకోసారి రాయాల్సి రావచ్చు. రుచి ఇనుములా ఉంటుంది, పెదవికి తగిలితే కొన్ని రోజులు మరక ఉంటుంది, పుచ్చిన చోటు నల్లగా మారిపోతుంది. ఆ నలుపు పోదు. ముందు పళ్లయితే తల్లిదండ్రులు వెనకాడతారు. మీ బాబువి వెనక పళ్లే అయితే ఎలాగూ నల్లబడ్డవే. అయితే పుచ్చు నరం దాకా పోయి చీము పట్టిన పన్నుకు ఇది పనికిరాదు. నరం దాకా పోలేదు కదా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. దీంతోపాటు మిషను లేకుండా చేతి పరికరంతోనే మెత్తబడిన భాగం గోకి సిమెంటు నింపడం, పన్నును అరగదీయకుండానే స్టీలు తొడుగు వేయడం కూడా ఉన్నాయి. తొడుగు వేశాక కొన్ని రోజులు పళ్లు కలిసేచోట ఎత్తుగా తగులుతుంది. పిల్లలు సర్దుకుంటారు గానీ, మీ బాబు లాంటివాడికి ఆ తేడా చికాకు పెట్టొచ్చు, ముందే తెలిసి ఉండండి.

ఎప్పుడైనా సూది వేసి మొద్దుబార్చాల్సి వస్తే ఒక జాగ్రత్త. పెదవి, బుగ్గ రెండు మూడు గంటలు తిమ్మిరిగా ఉంటాయి. నమిలే అలవాటున్న పిల్లలు ఆ తిమ్మిరి పెదవినే నమిలి పుండు చేసుకుంటారు. తిమ్మిరి పోయేదాకా పక్కన కూర్చోవాలి, తినడానికి ఏమీ పెట్టకూడదు.

ఇంట్లో బ్రష్ సంగతి. కాలరు నమిలేవాడు బ్రష్ ఎందుకు వద్దంటాడని మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. గట్టిగా తగిలేది నచ్చడం, మెత్తగా గీరినట్టు తగిలేది నచ్చకపోవడం ఈ పిల్లల్లో తరచూ చూస్తాం. అందుకే బ్రష్‌కు ముందు మీ అరచేతులతో రెండు బుగ్గలనూ, దవడలనూ నొక్కినట్టు పట్టుకుని వదలండి. పెదవుల చుట్టూ తడి గుడ్డతో గట్టిగా తుడవండి. తర్వాత పేస్టు లేని బ్రష్. బాబుకు ఎదురుగా నిలబడకుండా వెనకాల నిలబడి, తల మీ పొట్టకు ఆనించుకుని, ఎప్పుడూ ఒకే వైపు నుంచి మొదలుపెట్టండి. మొదట్లో కుడివైపు ఐదు లెక్కపెట్టి ఆపేసినా చాలు. బాత్రూములోనే తోమాలని ఏమీ లేదు. వాకిట్లో మంచం మీద పడుకోబెట్టి తోమినా ఫరవాలేదు.

మంట పుట్టించే పుదీనా పేస్టు చాలామందికి పడదు. ఇంకో రుచిది కొనేటప్పుడు డబ్బా వెనకాల ఫ్లోరైడ్ ఎంతో చూడండి. పిల్లల పేస్టుల్లో కొన్నింటిలో అసలు ఉండదు. 1000 పీపీఎం దగ్గర ఉన్నది చూసుకోండి. బఠాణీ గింజంత చాలు. మీ పాపకు మూడేళ్లు నిండకపోతే తనకు బియ్యపు గింజంత. నోరు పుక్కిలించడం రాకపోతే దిగులొద్దు, ఉమ్మితే చాలు, లేదా గుడ్డతో తుడిచేయండి. ఏ పేస్టూ ఒప్పుకోకపోతే ఉత్త బ్రష్‌తోనే తోమండి, డాక్టరు దగ్గర మూడు నుంచి ఆరు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూయించండి. బొగ్గు, ఉప్పు, ఇటుక పొడి మాత్రం వద్దు.

పళ్లు ఎందుకు పుచ్చాయో కూడా చూడాలి కదా. అన్నం బుగ్గన పెట్టుకుని గంటసేపు మింగకుండా ఉంటాడా? రాత్రి సిరప్ ఏదైనా వాడుతున్నాడా? మూర్ఛ మందు సిరప్‌లలో, దగ్గు మందుల్లో చక్కెర ఉండొచ్చు. మందు తాగాక నీళ్లు తాగించండి, చక్కెర లేనిది గానీ మాత్ర గానీ ఉందేమో రాసిచ్చిన డాక్టరునే అడగండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. ఇంకోటి థెరపీ. ఒక పని చేసిన ప్రతిసారీ చిన్న చాక్లెట్ ముక్కో, చిప్సో నోట్లో పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అలా పూటంతా కొద్దికొద్దిగా తినడం పళ్లకు మహా చేటు. సబ్బు బుడగలు, స్టిక్కర్లు, కాసేపు ఊయల అలాంటివి పెట్టమని థెరపిస్టుకు చెప్పండి. పన్నెండు మంది చుట్టాలొచ్చి పండక్కి లడ్డూ పెడితే వచ్చే నష్టం కంటే ఇలా పూటంతా కొద్దికొద్దిగా తినడం వల్ల వచ్చేదే ఎక్కువ. అదే థెరపిస్టుతో ‘పళ్ల డాక్టరు ఆట’ కూడా ఆడించమనండి, వాళ్లకు అది ఇష్టమైన పనే.

మత్తు మాట. మీ డాక్టరు అన్నది పూర్తిగా తప్పేం కాదు. చాలా పళ్లు పాడైనా, చీము పట్టినా, ఇంత ప్రయత్నం చేశాకా కుదరకపోయినా పూర్తి మత్తులో ఒకేసారి అన్నీ చేయించడమే పిల్లవాడికి సుఖం. అది మీరు ఓడిపోవడం కాదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, ముందు అక్కడ పిల్లల విభాగంలో అడగొచ్చు. మత్తు ఇప్పించేటప్పుడు అన్ని పళ్లూ ఒకే విడతలో అయిపోతాయా అని అడగండి. వాడుతున్న మందులన్నీ మత్తు డాక్టరుకు చూపించండి. రక్త పరీక్ష, చెవి పరీక్ష లాంటి బాకీలు ఉంటే అదే మత్తులో చేయించడానికి వీలుంటుందేమో అడగండి. ఒకటి గుర్తుంచుకోండి, మత్తులో ఉన్న పిల్లవాడు క్లినిక్‌కు అలవాటు పడడు. తర్వాత కూడా ఈ అలవాటు చేసే పని సాగాల్సిందే.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ఆటిజంను గుర్తిస్తుంది. ఆ చట్టం 25వ సెక్షన్ ప్రకారం వైద్యంలో మీ బాబుకు ముందు వరుస ఇవ్వాలి. ఎంజీఎం ఓపీలో లైన్లో నిలబడ్డప్పుడు దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) చూపించి అడగండి, అది దయ కాదు. ఆటిజం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, అందులో పళ్లకూ కొంత భాగం ఉంది. తీసుకోకపోయి ఉంటే తీసుకోండి.

పాపను తీసుకెళ్లొచ్చా అని అడిగారు. తను ధీమాగా ఉండే పిల్ల అయితే తప్పకుండా తీసుకెళ్లండి. ముందు పాప పళ్లు లెక్కపెట్టమనండి, బాబు తలుపు దగ్గర నిలబడి చూస్తాడు. పాపకు కూడా మొదటి పన్ను వచ్చిన దగ్గర్నుంచీ, ఏడాది నిండేలోగానే చూపించాల్సింది కాబట్టి ఆ పని కూడా అయిపోతుంది. కానీ ముట్టుకుంటే ఏడ్చే పిల్ల అయితే ఆ రోజు అత్తమ్మ దగ్గర వదిలి వెళ్లండి. పాప ఏడుపు బాబు చెవిన పడకూడదు.